కాలువ నీళ్లకు తాళం ఉంటుంది, ఏటికి ఉండదు

ఈ వారం ఎపిసోడ్‌లో లోవర్ హట్ నుంచి ఒక శ్రోత పంపిన వాయిస్ మెసేజ్ వినిపించాం. విననివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాం. ఆయన బావమరిది ఇంగ్లండ్‌లో పని చేస్తున్నాడు. అక్టోబర్‌లో అందరూ కలిసి అక్కడి కాలువల మీద నాలుగు రోజులు నారోబోట్ అద్దెకు తీసుకుని తిరుగుదామంటున్నాడు. "ఆ నెలలో అక్కడ వానలంట కదా, ఈత రాని మేము పోవచ్చా? పోనీ, ఇంగ్లండ్ దాకా ఎందుకు, మా ఇంటి పక్కనే హట్ ఏరుంది కదా, ఇక్కడే ఒక పడవ చూసుకుంటే పోదా?" అన్నది ఆయన ప్రశ్న.

మైకు ముందు రెండు నిమిషాల్లో ఏదో చెప్పేశాం. కానీ ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి, రెండింటికీ జవాబు ఒకటి కాదు. వానలో కాలువ మీద పడవ వేరు, వానలో ఏటి మీద పడవ వేరు. ఈ తేడా తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాం.

అసలు నారోబోట్ అంటే ఏంటి

పేరులోనే ఉంది, సన్న పడవ. వెడల్పు సుమారు 7 అడుగులే, అంటే 2.1 మీటర్లు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉంటుంది. ఓ రైలు పెట్టెని సన్నగా చేసి నీళ్లలో దించినట్టు ఊహించుకోండి. లోపల మంచాలు, వంటిల్లు, బాత్రూము, చలి కాచుకోవడానికి ఓ చిన్న పొయ్యి ఉంటాయి. చుక్కాని వెనకాల ఉంటుంది. నడిపేవాళ్లు దాని పక్కన ఆరుబయట నిలబడాలి. చాలా పడవల్లో నెత్తి మీద కప్పు ఉండదు. కాబట్టి వాన పడితే లోపలున్నవాళ్లు టీ తాగుతుంటారు, నడిపేవాళ్లు తడుస్తుంటారు.

అంత సన్నగా ఎందుకంటే, 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ మధ్య ప్రాంతాల్లో కాలువలు తవ్వినప్పుడు ఖర్చు, నీళ్లు రెండూ కలిసొస్తాయని చాలా లాకుల్ని 7 అడుగుల వెడల్పుతో కట్టారు. పడవలు ఆ కొలతకే తయారయ్యాయి. బొగ్గు, కుండలు, సున్నం అన్నీ వీటి మీదే పోయేవి. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. ఇప్పుడు గుర్రం పోయి డీజిల్ ఇంజను వచ్చింది. కాలువల మీద వేగానికి పరిమితి గంటకు 4 మైళ్లు, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం. అద్దెకు తీసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. బయల్దేరే ముందు అద్దెకిచ్చేవాళ్లే నేర్పించి పంపుతారు.

మన కోస్తావాళ్లకి ఇదంతా పూర్తిగా కొత్తేం కాదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు సాగుకే కాదు, పడవలకీ దారులయ్యాయి. ఏలూరు కాలువ గోదావరి వైపునీ కృష్ణ వైపునీ కలిపింది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిసింది. కాకినాడలో ఎక్కించిన సరుకు సముద్రంలోకి దిగకుండానే మద్రాసు చేరేది. ధాన్యం, ఉప్పు, కొబ్బరికాయలు, కట్టెలు అన్నీ అలాగే వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గడ, రెండూ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. ఇంగ్లండ్‌లో గుర్రం చేసిన పని మన దగ్గర చాలాచోట్ల మనుషులే చేశారు. మీ తాతలనో అమ్మమ్మలనో అడగండి, లాకుల దగ్గర పడవ దిగిన కథ ఒక్కటైనా దొరుకుతుంది.

వాన పడితే కాలువ ఎందుకు పొంగదు

ఇదే అసలు విషయం. కాలువ అంటే మనిషి కట్టిన నీళ్ల మెట్లు. ఒక్కో మెట్టు మీద నీళ్లు ఇంచుమించు కదలకుండా నిలబడి ఉంటాయి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగాలన్నా ఎక్కాలన్నా లాకు కావాలి.

లాకు పని చేసే తీరు చాలా సులువు. రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి అది. పైకి పోవాలంటే నీళ్లు తక్కువగా ఉన్న తొట్టిలోకి పడవని తీసుకెళ్లి, వెనక తలుపులు మూసి, పై వైపు చిన్న తూములు ఎత్తుతారు. నీళ్లు నిండుతుంటే పడవ తనంతట తానే పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. దిగడానికి ఇదే పని తిరగేసి చేస్తారు. సన్న లాకు ఒక్కసారి వాడితే లక్ష లీటర్లకు పైగా నీళ్లు కింది మెట్టులోకి పోతాయి. అందుకే కాలువలకి వాన శత్రువు కాదు, చుట్టం. ఎత్తులో ఉన్న రిజర్వాయర్లు నిండితేనే లాకులు నడుస్తాయి. ఎండలు మండిన ఏడాది ఇంగ్లండ్‌లో నీళ్లు చాలక లాకులు మూసేసిన సందర్భాలున్నాయి.

మరి వాన ఎక్కువైతే? ప్రతి మెట్టుకీ పక్కన నీళ్లు పొర్లిపోయే దారి కడతారు. మట్టం ఒక గీత దాటగానే అదనపు నీళ్లు ఆ దారిన కింది మెట్టులోకో, పక్కనున్న వాగులోకో పోతాయి. మన డెల్టాలోనూ అంతే. గోదావరికి వరదొచ్చి ధవళేశ్వరం నుంచి లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్న రోజున కూడా కాలువల్లోకి వదిలేది వేలల్లోనే. తలుపులున్నాయి, వాటిని చూసుకునే లస్కర్లున్నారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. అంటే కాలువ మట్టాన్ని మబ్బు కాదు, మనిషి నిర్ణయిస్తాడు.

అలాగని కాలువకి ఏమీ కాదని అనుకోకండి. పెద్ద వానకి గట్టు నాని గండి పడొచ్చు, ఆ మాట మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు కొన్ని అంగుళాలు పెరిగినా వంతెనల కింద తల తగిలే ప్రమాదం పెరుగుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా కాలువల్ని చూసుకునేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. ఏ లాకు మూశారో, ఏ దారి ఆగిందో వాళ్ల వెబ్‌సైట్‌లో పెడతారు. బయల్దేరే రోజు పొద్దున అది చూడండి.

వానలో కాలువ మీద నిజమైన ప్రమాదాలు

కాలువ చాలాచోట్ల నాలుగైదు అడుగుల లోతే. ముంచేది వరద కాదు, వానకి జారే కాలు. కింది విషయాలు గుర్తుపెట్టుకోండి.

పడవ అంచు మీద నడవకండి. అరచేతి వెడల్పు కూడా ఉండని ఇనప అంచు అది, తడిస్తే సబ్బు ముక్క. లాకు తలుపుల మీద దాటే పలకలూ అంతే. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. చెప్పులతో మాత్రం వద్దు.

పడవకీ గోడకీ మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి. 15 టన్నులకు పైగా బరువుండే పడవని మీ పాదం ఆపలేదు. తగులుతుందనిపిస్తే తగలనివ్వండి, ఇనుముకి ఏమీ కాదు.

లాకులో దిగేటప్పుడు పడవ వెనక భాగాన్ని పై తలుపుకి దూరంగా ఉంచండి. ఆ తలుపు కింద నీళ్లలో ఒక రాతి గడప దాగి ఉంటుంది. లాకు గోడ మీద తెల్లగీత ఉండేది ఆ గడప ఎక్కడిదాకా ఉందో చెప్పడానికే. నీళ్లు దిగుతుంటే పడవ వెనక భాగం ఆ గడప మీద కూర్చుందా, ముందు భాగం కిందికి వంగిపోయి నిమిషాల్లో మునుగుతుంది. వానలో నెత్తి మీద టోపీ లాక్కుని తల దించుకుని నిలబడినవాళ్లు ఈ గీత చూడటం మర్చిపోతారు. ఏదైనా తేడా అనిపిస్తే తూములు మూసేయమని గట్టిగా అరవండి. సిగ్గుపడే సమయం కాదు.

ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే ఇంజను గేరు న్యూట్రల్‌లో పెట్టండి. వెనక్కి తిప్పి ఎక్కించుకుందామని రివర్స్ వేయకండి, వెనకాల ఫ్యాను తిరుగుతుంటుంది. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. నాలుగడుగుల నీళ్లకి జాకెట్టా అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. లాకుల దగ్గర లోతు నాలుగడుగులు కాదు.

ఇంకొకటి, ఎక్కువమందికి తట్టనిది. వాన, చలి అని కిటికీలతో పాటు గాలి వచ్చే కన్నాలకి కూడా గుడ్డలు కుక్కేస్తారు. లోపల పొయ్యి మండుతుంటుంది, గ్యాసు మీద అన్నం ఉడుకుతుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. ఆ కన్నాలు మూయకండి. అలారం పని చేస్తుందో లేదో మొదటి రోజే బటన్ నొక్కి చూడండి.

గాలి ఎక్కువగా ఉంటే మాత్రం ఆగిపోవడమే మంచిది. పొడుగ్గా, అడుగు చదునుగా ఉండే పడవని గాలి పక్కకి నెట్టేస్తుంది. గట్టుకి కట్టేసి, ఉల్లిపాయ పకోడీ వేసుకుని వాన చూడటం కూడా ప్రయాణంలో భాగమే.

కాలువ ఏటిలో కలిసే చోటు

ఇంగ్లండ్‌లో అద్దెకు తీసుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మ్యాపులో అంతా ఒకటే నీలి గీత. కానీ కొన్ని దారులు కొంతదూరం కాలువ, కొంతదూరం నది. లెస్టర్ దగ్గర దారి సోర్ నదిలో నడుస్తుంది. కెన్నెట్ అండ్ ఏవన్ కాలువకి రెండు చివర్లా నది భాగాలున్నాయి. పొద్దున నిలకడ నీళ్లలో హాయిగా వచ్చిన పడవ ఒక లాకు దాటగానే పారే నీళ్లలో పడుతుంది. వాన పడి నది ఉబ్బి ఉంటే ఆ నీళ్లు పడవని ఆనకట్ట వైపు లాక్కుపోగలవు.

అందుకే అలాంటి చాలా లాకుల దగ్గర మట్టం చూపే రంగుల పలకలు పెడతారు. పచ్చ అయితే వెళ్లొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ఆగిపోవాల్సిందే. థేమ్స్ నది మీద లాకుల దగ్గర ప్రవాహం పెరుగుతోందనో, బలంగా ఉందనో హెచ్చరిక బోర్డులు కడతారు. అద్దె ఒప్పందంలో కూడా ఎరుపు ఉంటే కదలకూడదనే మాట మామూలుగా ఉంటుంది, చదవండి.

ఇక్కడే మన బుర్ర మనల్ని మోసం చేస్తుంది. ఏడాదికి దొరికేవి నాలుగు రోజుల సెలవు. ఓవర్‌టైమ్ చేసి దాచిన డబ్బు కట్టేశాం. పడవ సోమవారం పదింటికల్లా తిరిగి అప్పజెప్పాలి. ఎర్ర పలక ముందు నిలబడి "ఇంత దూరం వచ్చాక ఇక్కడ ఆగితే ఎలా" అనిపిస్తుంది. ఆగడమే. ఫోన్ చేసి, నది ఎరుపులో ఉంది, పడవ ఇక్కడే కట్టేశాం అని చెప్పండి. అద్దె పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పర్యాటకుల లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. గోదావరి అప్పుడు వరద మీద ఉంది. పదుల మంది చనిపోయారు. అదే జిల్లాలో, అదే నీళ్లు పారే డెల్టా కాలువలు ఆ రోజు ఎప్పటిలాగే నెమ్మదిగా పోతున్నాయి. నీళ్లు ఒకటే, తాళం ఉందా లేదా అన్నదే తేడా.

ఇప్పుడు మన హట్ సంగతి

శ్రోత రెండో ప్రశ్నకి వద్దాం. లోవర్ హట్‌లో పడవ కాలువ లేదు. న్యూజిలాండ్‌లో పేరున్న పెద్ద కాలువలు దక్షిణ దీవిలో మెకంజీ ప్రాంతంలో ఉన్నాయి. అవి కరెంటు తయారీకి తవ్వినవి, జనం అక్కడికి వెళ్లేది సాల్మన్ చేపల కోసం. ఇక్కడున్నది ఏరు. మావోరీలో టే అవా కైరాంగి, ఇంగ్లీషులో హట్. టారారువా కొండల్లో పుట్టి 56 కిలోమీటర్లు పారి పెటోనీ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఈ ఏరు కొత్తగా వచ్చినవాళ్లకి పాఠం చెప్పడం మనతో మొదలవ్వలేదు. 1840 జనవరిలో న్యూజిలాండ్ కంపెనీ ఓడల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు పెటోనీ ఒడ్డున, ఏటి పక్కనే ఊరు కట్టుకోబోయారు. బ్రిటానియా అని పేరు కూడా పెట్టుకున్నారు. కొద్ది వారాలకే ఏరు పొంగి ఇళ్లలోకి వచ్చింది. మూటలు సర్దుకుని రేవుకి అవతలి వైపు థోర్న్‌డన్‌కి మారారు. ఇప్పటి వెల్లింగ్టన్ అక్కడ పెరిగింది అందుకే.

ఆ రోజుల్లో హట్ ఏట్లోకి పడవలు బాగా లోపలిదాకా వచ్చేవి. 1855 జనవరి 23 రాత్రి వచ్చిన వైరారాపా భూకంపం దాన్ని మార్చేసింది. తీవ్రత సుమారు 8.2. వెల్లింగ్టన్ రేవు చుట్టుపక్కల నేల మీటరు నుంచి రెండు మీటర్ల దాకా పైకి లేచింది. ఏటి లోతు తగ్గిపోయి, పెద్ద పడవలకి దారి మూసుకుపోయింది.

క్రికెట్ అభిమానులకి ఇంకో ముచ్చట. వెల్లింగ్టన్‌లో బేసిన్ రిజర్వ్ మైదానం ఉంది కదా, 1840 నాటి పట్నం ప్లానులో అది ఓడలు ఆగే కొలను. సముద్రం నుంచి అక్కడికి కాలువ తవ్వాలనుకున్నారు. ఆ కాలువకి వదిలిన స్థలమే ఇప్పటి కెంట్ టెర్రస్, కేంబ్రిడ్జ్ టెర్రస్ మధ్య జాగా. 1855 భూకంపానికి ఆ నేల కూడా లేచిపోయింది, కాలువ ఆలోచన అంతటితో ఆగింది. 1868లో అక్కడ మొదటి క్రికెట్ మ్యాచ్ ఆడారు. అంటే ఈ ప్రాంతంలో పడవ కాలువ ఒకటి రావాల్సింది. భూమే ఒప్పుకోలేదు.

హట్ ఏటిని చూసి ఎందుకు మోసపోతాం

ఎండ రోజున చూస్తే హట్ ఏరు చాలా మెత్తగా కనిపిస్తుంది. గులకరాళ్లు, మోకాలి లోతు నీళ్లు, గట్టు మీద సైకిళ్లు తొక్కే పిల్లలు. కాలవగట్టున పెరిగిన కంటికి ఇది ఇంకో కాలువలాగే ఉంటుంది. పైగా రెండు వైపులా వరద గట్లు కట్టి ఏటిని తిన్నగా చేశారు కాబట్టి ఇంకా అలా అనిపిస్తుంది.

కానీ ఆ గట్లు నీళ్లకి తాళం కాదు, ఊరికి గోడ. నీళ్లు ఎంత రావాలో ఎవరూ నిర్ణయించరు. వాన పడేది మీ నెత్తి మీద కాదు, పైన టారారువా కొండల్లో. పెటోనీలో చినుకు లేకపోయినా అక్కడ కుండపోత కురవచ్చు. పకురాతాహి, అకాటారావా, మంగారోవా లాంటి ఉపనదులన్నీ ఆ నీళ్లని హట్‌లోకే తెస్తాయి. ఏరు చిన్నది, కొండ నిటారు. మన గోదావరి వరద ఎగువ రాష్ట్రాల నుంచి రోజుల తరబడి వస్తుంది, భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని టీవీలో చెప్తుంటారు. ఇక్కడ ఆ వ్యవధి గంటల్లోనే.

ఈ దేశంలో వలస వచ్చినవాళ్లు నదులు దాటుతూ ఎంతమంది పోయారంటే, 19వ శతాబ్దంలో నీళ్లలో మునిగి చావడానికి "న్యూజిలాండ్ చావు" అనే పేరే పడింది. ఇప్పటికీ ఇక్కడి కొండల్లో నడిచేవాళ్లకి చెప్పే మొదటి సూత్రం, అనుమానం ఉంటే దిగొద్దు అని.

కాబట్టి హట్ ఏటికి వెళ్లేవాళ్లు ఇవి చేయండి:

- బయల్దేరే ముందు మెట్‌సర్వీస్‌లో టారారువా వైపు వాన చూడండి, మీ వీధి వాన కాదు.
- గ్రేటర్ వెల్లింగ్టన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో టాయిటా గోర్జ్, బర్చ్‌విల్ దగ్గర ఏటి మట్టం ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. గ్రాఫు పైకి లేస్తుంటే ఆ రోజు ప్లాను మార్చుకోండి.
- ఒడ్డున ఉన్నప్పుడు నీళ్లు మట్టి రంగుకి తిరిగినా, పుల్లలూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా వెంటనే పిల్లల్ని తీసుకుని గట్టెక్కండి. కారు తర్వాత చూసుకోవచ్చు.
- పెద్ద వాన తర్వాత కనీసం 48 గంటలు ఈతకి దిగకండి. ప్రవాహం ఒక కారణం, ఊరి మురికంతా అందులోకి రావడం ఇంకో కారణం.
- కయాక్ అయినా, స్నేహితుడి చిన్న పడవ అయినా మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి. పడవలో ఉంచితే సరిపోదు, వేసుకోండి. తడవని సంచిలో ఫోన్, దాంతో పాటు సాయం పిలవడానికి ఇంకో సాధనం పెట్టుకోండి. మందు తాగి ఎక్కొద్దు.
- ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే 111కి ఫోన్ చేసి పోలీస్ కావాలని అడగండి. మీరు దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసరండి.

మరి జవాబు?

ఇంగ్లండ్ కాలువ మీదికి వానలో వెళ్లొచ్చు, ఈత రాకపోయినా వెళ్లొచ్చు. జారే అంచులు, లాకు గడప, గాలి కన్నాలు గుర్తుంచుకోండి. దారి ఎంచుకునేటప్పుడు అద్దెకిచ్చేవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో నది భాగం ఎక్కడైనా ఉందా?" ఉంటే, నది లేని దారి చూపించమనండి. అక్టోబర్‌లో మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే మంచిది.

హట్ ఏటి మీద వానలో మాత్రం వద్దు. వాన రోజున దాన్ని చూడాలనిపిస్తే వరద గట్టు మీద నిలబడి చూడండి.

శ్రోత గారూ, మీ బావమరిదిని అడిగామని చెప్పండి. వెళ్లొచ్చాక లాకుల దగ్గర ఎలా జరిగిందో ఇంకో వాయిస్ మెసేజ్ పంపండి, వినిపిస్తాం. ఎపిసోడ్ పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే ఉంది. డేటా తక్కువున్నవాళ్లు, షిఫ్టులో ఇయర్‌ఫోన్ పెట్టుకోలేనివాళ్లు చదువుకోవచ్చు.